అద్దాల ముందు ఆగేవాళ్ళు

మా దేశంలో ఈ జబ్బుకి ఒక ముద్దుపేరుంది:
కొట్ల అద్దాలు చూసే రోగం.
నూట ఇరవై అడుగులు వేసేసరికి
పిక్కని ఎవరో తడిబట్టలా పిండుతారు.
మనిషి ఆగుతాడు.
ఊరికే ఆగితే జాలిపడతారని
పక్క కొట్టు అద్దంలోకి తొంగిచూస్తాడు,
టోపీ కొనేవాడిలా, గడియారం బేరమాడేవాడిలా.
నొప్పి దిగాక
మళ్ళీ నూట ఇరవై.

వుపర్ నది మీద రైలు తలకిందులుగా వేలాడుతూ పోయే ఊరు మాది.
ఆసుపత్రి నేలమాళిగలో నా పని.
నాకు మనుషులు తెలీదు, గొట్టాలు తెలుసు.
ఊదా మూత, నీలం మూత, పసుపు మూత.
గిర్రున తిప్పి, పైకి తేలిన ఎండుగడ్డి రంగు నీటిని
సున్నాకి ఎనభై డిగ్రీల కింద దాస్తాను.
ఆరువందల పన్నెండు మంది అక్కడ
చిటికెన వేలంత సీసాల్లో మంచు పట్టి నిలబడి ఉన్నారు.

చేతిలో నూట నలభై ఉన్న రక్తపు పోటు
చీలమండ దగ్గరికి ఎనభై అయి చేరుతుంది వాళ్ళకి.
దారిలో ఏం జరిగిందో
ఆ నీటిని అడగాలి.

అది కొంచెం చెబుతుంది.
సి.ఆర్.పి. పెరిగితే లోపలెక్కడో
నివురు కింద నిప్పుందని.
డి-డైమర్ పెరిగితే
గడ్డకట్టడానికీ కరగడానికీ రాత్రింబవళ్ళు పేచీ అని.
ఇంకోటి, సాగి అలిసిన గుండె వదిలే ప్రోటీను,
కాలి నొప్పి కాలిది మాత్రమే కాదంటుంది.
మూడూ ఎక్కువున్నవాళ్ళలో
ఐదేళ్ళకి కాలు మిగిలేదెందరికి, మిగిలే మనుషులెందరు
అని మా డాక్టర్ హెల్‌ట్రూడ్ గీసే గీత
కాగితం మీద మెట్లు మెట్లుగా దిగుతుంది.
ఒక్కో మెట్టూ ఎవరో ఒకరు.
మా ఊరంతా మెట్లే.
ఇంటికి వెళ్ళేటప్పుడు నేను లెక్కపెట్టడం మానేశాను.

గురువారం నాలుగువందల పదిహేడు.
మూడూ ఎక్కువే.
యంత్రం తప్పేమోనని మళ్ళీ చేశాను.
రెండోసారి ఇంకాస్త.
అంకె రాశాను. అంకె పక్కన పేరుండకూడదని నియమం.
రోగి మేలుకే అంటారు.
నా నిద్ర కోసం పెట్టారేమో అనిపిస్తుంది నాకు.

ఆ సాయంత్రం ఎండ ఇంకా పోలేదు.
మూతపడ్డ ఒక కొట్టు ముందు పెద్దాయన.
కోటు చంకలో ఉంది, చొక్కా చేయి మడిచి ఉంది,
మోచేతి మడతలో మా ఆసుపత్రి దూది.
అద్దం వెనక ఏమీ లేదు.
అద్దెకిస్తామన్న అట్ట, చచ్చిన ఈగ.
ఆయన శ్రద్ధగా చూస్తున్నాడు.

నేనూ పక్కన నిలబడి చూశాను.

"ఇక్కడ నా రిబ్బన్లు అమ్మేవారు" అన్నాడు, అడక్కుండానే.
"నలభై మూడేళ్ళు నేశాను.
పోగు తెగే ముందు మగ్గం ఒక చప్పుడు చేస్తుందమ్మా.
తెగాక కాదు, ముందు.
చెవి అలవాటు పడాలి."
"వినబడితే ఏం చేసేవారు?"
"ఏం చేస్తాం, వేగం తగ్గించి వేలు ఆనించేవాణ్ణి.
కొన్ని నిలిచేవి."

పేరు చెప్పాడు: ఓట్‌మార్ బ్రూగ్‌మన్.
ఇప్పుడు నా దగ్గర
పేరు లేని అంకె ఒకటి, అంకె లేని పేరు ఒకటి.
రెండిటినీ కలిపే జాబితా మూడో అంతస్తులో, తాళం వేసిన బీరువాలో.
నా చేతులు కోటు జేబుల్లో.

"నడుద్దామా?" అన్నాను.
నొప్పి పుట్టేదాకా నడవాలి, ఆగాలి, మళ్ళీ నడవాలి.
ఈ జబ్బుకి మందుల పక్కన రాసే పాత మందు అదే.
నూట ఇరవై దగ్గర ఆయన నావైపు చూశాడు.
నేను అద్దాల వైపు చూశాను; ఆ పక్కన ఉన్నది గోడ.
ఇంకో పదకొండు అడుగులు, పళ్ళు బిగించి,
రొట్టెల కొట్టు దాకా.

"ఇది నయం" అన్నాడు, అద్దానికి చేయి ఆనించి, ఊపిరి తీసుకుంటూ.
"లోపల ఏవో ఉన్నాయి."